చల్లగాలి వెనుక చెమట

ఉగాది పచ్చడి రుచి నాలుకపై నిలిచి ఉండగానే భిలాయిలో ఎండ ముదురుతుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మన పెద్దలు చెప్పారు. దాదాపు ఆ రోజులనే ఇక్కడి ఛత్తీస్‌గఢ్ సోదరులు 'నౌతపా' అంటారు. పేరు ఏదైనా తాపం ఒక్కటే. ఉష్ణమాపకం 44, 45 డిగ్రీలను తాకే ఆ రోజులలో సెక్టార్ల వీధులు మధ్యాహ్నానికే నిర్మానుష్యమవుతాయి. ఒకప్పుడు ఈ ఊరిని వట్టివేళ్ళ తడికలు కాపాడాయి. ఆ తరువాత గడ్డి పలకల కూలర్లు వచ్చాయి. ఇక్కడి వేసవి పొడిగా ఉంటుంది కనుక కూలరు చక్కగా పనిచేసేది, నేటికీ పనిచేస్తుంది. కాని జూన్ మధ్యలో తొలకరి పడి గాలిలో తేమ నిండగానే దాని శక్తి ఉడిగిపోతుంది. అందుకే నేడు క్వార్టర్ల గోడలపై ఏ.సి. పెట్టెలు వరుసలు తీరి కనబడుతున్నాయి.

కర్మాగారం లోపలా వెలుపలా పనిచేసే వివిధ వృత్తులవారిని ఈ శీర్షికలో పరిచయం చేస్తూ వస్తున్నాము. ఈ సంచికలో మేము చెప్పబోయేది ఆ పెట్టెలను నడిపించే ఒక కాంట్రాక్టరు గురించి. ఆయన తెలుగువారు, లైసెన్సుదారులు. తమ పేరు రాయవద్దని కోరారు కనుక రాయడం లేదు. ఆయనతో మా పరిచయం మేము తలవంచుకోవలసిన ఒక సంఘటనతో మొదలైందని ముందుగానే ఒప్పుకుంటున్నాము.

మా ఇంటి ఏ.సి.

మా ఇంటిలో ఏ.సి. పెట్టించి చాలా ఏళ్ళయింది. అది ముఖ్యంగా మా అమ్మగారి కోసం. ఆమెకు ఎనభై దాటాయి, ఉబ్బసం ఉంది. మొదటి మూడేళ్ళు యంత్రం చక్కగా నడిచింది. ఆ తరువాత ప్రతి ఏప్రిల్‌లోనూ అది గాలి వీచేది గాని చల్లదనం ఇచ్చేది కాదు. ప్రతిసారీ ఎవరో ఒక మెకానిక్ వచ్చేవాడు, "గ్యాసు అయిపోయింది" అనేవాడు, అరగంటలో నింపి డబ్బు తీసుకుని వెళ్ళేవాడు. స్కూటరుకు పెట్రోలు పోయించినట్లే ఇదీ అనుకుని వరుసగా మూడు వేసవులు గ్యాసు నింపించాము.

నాలుగవ వేసవిలో ఒక మిత్రుని మాటపై ఈ కాంట్రాక్టరును పిలిచాము. ఆయన వచ్చీరాగానే గేజి తగిలించి చూశారు. మా వంక తిరిగి, "సార్, ఏ.సి.లో గ్యాసు అరిగిపోయేది కాదు. సీసాలో బిగించిన నీరు వంటిది. తగ్గిందంటే ఎక్కడో కన్నం ఉన్నట్లే. ముందు ఆ కన్నం దొరకాలి" అన్నారు. ఆ మాట మాకు కొత్త. మూడేళ్ళు మేము కన్నపు కుండలో నీరు పోయించుకున్నామన్నమాట.

ఆయన తమ కుర్రవాళ్ళతో కలిసి మిగిలిన గ్యాసును వేరొక సిలిండరులోకి తీసుకున్నారు. గొట్టాలలోకి నైట్రోజన్ వాయువును ఒత్తిడితో పంపి, అతుకు అతుకుకూ సబ్బు నురుగు పూయసాగారు. గంటన్నర తరువాత బయటి పెట్టె అడుగున, కంప్రెసరు అదురుకు రాగి గొట్టం రేకును రాసుకునే చోట, ఆవగింజంత బుడగ లేచింది. దొంగ దొరికాడు. గొట్టం కోసి, కొత్త ముక్క అతికారు. ఇక మళ్ళీ నైట్రోజన్ నింపి, అతుకు నిలిచిందో లేదో చూడాలి. అప్పటికి సాయంత్రం నాలుగు గంటలు. నైట్రోజన్ సిలిండరు ఖాళీ అయిపోయింది.

కుర్రవాడు ఒకడు మెల్లగా, "ఉస్తాద్, ఎదుటి వెల్డింగు షాపులో ఆక్సిజన్ బండ ఉంది. రెండు నిమిషాల పని" అన్నాడు. లోపలి గదిలో అమ్మగారి ఎగశ్వాస మాకు వినబడుతూనే ఉంది. మేము వెంటనే, "ఏదో ఒక వాయువు కదా, ఎలాగైనా ఈ రాత్రికి అయిపోనివ్వండి. డబ్బు ఎక్కువైనా ఫరవాలేదు" అన్నాము. ఆయన ముఖం మారిపోయింది. కుర్రవాని వంక తిరిగి, "ఒరే నాయనా, ఆ మాట ఇంకోసారి నా ముందు అనకు" అన్నారు. మాతో మాత్రం, "క్షమించండి సార్, రేపు ఉదయం ఆరింటికి వస్తాను. అమ్మగారికి ఈ రాత్రి మా ఇంటి కూలరు పంపుతాను" అని చెప్పి పనిముట్లు సర్దుకున్నారు. మాకు కోపం వచ్చింది. మరొకరిని పిలుస్తామని కూడా అన్నాము. ఆయన ఎదురు చెప్పలేదు. కూలరు మాత్రం ఏడు గంటలకు మా గుమ్మంలో ఉంది.

మరునాడు ఆయన చెప్పిన వేళకే వచ్చి పని ముగించారు. ఎందుకు నిరాకరించారో అప్పుడు చెప్పారు. ఆ సంగతి ముందు ముందు వస్తుంది. దానికి ముందు పాఠకులకు ఆయన వృత్తి అంటే ఏమిటో కొంత తెలియాలి.

చల్లదనం తయారు కాదు

ఆయన తండ్రిగారు శ్రీకాకుళం ప్రాంతం నుండి వచ్చినవారు. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైన తరువాత ఈ ఊరికి వలస వచ్చిన వేలాది తెలుగు కుటుంబాలలో అదొకటి. ఆ తరం మట్టి మోసింది, ఇటుక పేర్చింది, కొలుముల వద్ద నిలబడింది. కుమారుడు ఐ.టి.ఐ.లో రిఫ్రిజిరేషన్, ఎయిర్ కండిషనింగ్ ట్రేడు చదివారు. "నాన్న వేడి దగ్గర పనిచేశారు, నేను చల్లదనం దగ్గర పనిచేస్తున్నాననుకునేవాణ్ణి. తీరా చూస్తే నాదీ వేడి పనే" అని ఆయన నవ్వారు.

అది నిజమే. ఏ యంత్రమూ చల్లదనాన్ని తయారు చేయదు. గదిలోని వేడిని మోసుకుపోయి బయట పారబోస్తుంది, అంతే. ద్రవం ఆవిరి అయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని పీల్చుకుంటుంది. ఆవిరి మళ్ళీ ద్రవంగా మారేటప్పుడు ఆ వేడిని వదిలివేస్తుంది. గది లోపల మొదటి పని, గది వెలుపల రెండవ పని జరుగుతాయి. ఈ రెంటి నడుమ గ్యాసును తిప్పే గుండెకాయ కంప్రెసరు. మన కుండలోని నీరు చల్లబడడానికీ, ఈ యంత్రం పనిచేయడానికీ మూలసూత్రం ఒక్కటే. కుండ తన నీటిని గాలికి వదిలివేస్తుంది, యంత్రం తన గ్యాసును వదలక తిప్పుకుంటుంది.

'టన్ను' అనే మాట విన్నప్పుడు మన కార్మిక సోదరులకు ఉక్కు గుర్తుకు రావడం సహజం. ఏ.సి. టన్ను బరువుకు చెందినది కాదు. ఒక టన్ను మంచుగడ్డను ఇరవై నాలుగు గంటలలో కరిగించడానికి ఎంత వేడి కావాలో అంత వేడిని తొలగించే శక్తి అది. మన లెక్కలో సుమారు మూడున్నర కిలోవాట్లు. మంచుగడ్డలతో గదులను చల్లబరచిన రోజుల కొలత నేటికీ నిలిచిపోయింది.

మరొక విశేషం ఉంది. 1902లో అమెరికాలో విల్లిస్ క్యారియర్ అనే యువ ఇంజనీరు రూపొందించిన తొలి ఆధునిక వాతానుకూల యంత్రం మనుషుల సుఖం కోసం పుట్టలేదు. బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయంలో గాలిలోని తేమకు కాగితం సాగి, రంగులు ఒకదానిపై ఒకటి సరిగా కూర్చునేవి కావు. ఆ కాగితం కోసం పుట్టింది. మన ఉక్కు కర్మాగారంలోనూ చల్లగాలి యంత్రాలకు ఎంతో అవసరం. కంట్రోల్ రూములలో, ఎలక్ట్రానిక్ పరికరాల గదులలో ఏ.సి. ఆగితే కొద్దిసేపటికే పరికరాలు మొరాయిస్తాయి. ఒక చిన్న గదిలో చల్లదనం పోతే ఒక మిల్లు నిలిచిపోవచ్చు.

క్రేను గదిలో ఒక ఉదయం

అయితే మనిషికీ అది ప్రాణావసరమైన చోటు ఒకటి ఉన్నది. స్టీల్ మెల్టింగ్ షాపులో ద్రవపు ఉక్కు నిండిన లాడిల్‌ను ఎత్తే క్రేను ఆపరేటరు గది అది. క్రింద సుమారు 1,600 డిగ్రీల ఉక్కు సెగలు కక్కుతుండగా పైన ఒక మనిషి ఆ బరువును అంగుళం తప్పకుండా నడిపించాలి. అతనికి కళ్ళు తిరిగితే ఏమవుతుందో వేరుగా చెప్పనవసరం లేదు. ఆ గదికి అమర్చే ఏ.సి. మన ఇళ్ళలోని రకం కాదు. చుట్టూ గాలి మరిగిపోతున్నా పనిచేసే ప్రత్యేకమైన యంత్రం.

ఒక ఉదయం అనుమతి తీసుకుని మేము ఆయన వెంట వెళ్ళాము. పని పదిహేను నిమిషాలదే, దాని ముందు జరిగే తతంగం గంటన్నర. గేటు పాసు, పని పర్మిట్, క్రేనుకు షట్‌డౌన్, విద్యుత్తు ఆపినట్లు తాళం, దానిపై పేరు రాసిన చీటీ, హెల్మెట్, బూట్లు, సేఫ్టీ బెల్టు. క్రేనుకు కరెంటు అందించే కడ్డీలు తొడుగు లేకుండా షాపు పొడుగునా సాగి ఉంటాయి. అవి మూగవి, కాటు మాత్రం ఘోరం. కొన్ని విభాగాలలో కార్బన్ మోనాక్సైడ్ భయం కూడా ఉంది. దానికి రంగు లేదు, వాసన లేదు. చేతిలోని చిన్న మీటరు అరిస్తేనే తెలుస్తుంది. 2014 జూన్ 12 నాటి గ్యాసు దుర్ఘటననూ, 2018 అక్టోబరు 9న కోక్ ఓవెన్ గ్యాసు గొట్టం వద్ద జరిగిన దుర్ఘటననూ ఈ ఊరు మరువలేదు. అందుకే పర్మిట్ కాగితాన్ని ఆలస్యమని విసుక్కునేవారిని చూస్తే ఆయన ఏమీ అనరు, కాగితం మాత్రం వదలరు.

పైకి ఎక్కి కండెన్సరు మూత తీయగానే నల్లని ధూళి జలజల రాలింది. అందులో అభ్రకం వలె మెరిసే రేకులున్నాయి. ద్రవపు ఇనుము చల్లబడేటప్పుడు విడివడే గ్రాఫైట్ అది. ఆ ధూళి రేకుల మధ్య దట్టంగా కూరుకుంటే వేడి బయటకు పోదు, కంప్రెసరు ఊపిరాడక కాలిపోతుంది. కోక్ ఓవెన్ల వైపు మరొక శత్రువు. అక్కడి గాలిలోని హైడ్రోజన్ సల్ఫైడ్ రాగిని నల్లబరచి తినివేస్తుంది. ఇక క్రేను ఎప్పుడూ కదులుతూ అదురుతూ ఉంటుంది కనుక అతుకులు చిట్లుతాయి. "ఇంటి ఏ.సి. రోగి అయితే ఇది యుద్ధంలో సిపాయి సార్" అన్నారాయన.

ఆయన తమ్ముడు ఇదే వృత్తిలో అండమాన్‌లో స్థిరపడ్డారు. తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉన్న ద్వీపసీమ అది. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురమని పేరు మార్చుకున్న పోర్ట్ బ్లెయిర్‌లో ఆయన హోటళ్ళ ఏ.సి.లు చూస్తారు. అన్నకు ధూళి శత్రువైతే తమ్మునికి ఉప్పుగాలి. సముద్రపు తేమ అల్యూమినియం రేకులను పిండిగా రాల్చివేస్తుందట. విడిభాగం ఒకటి కావాలంటే చెన్నై నుండో, కోల్‌కతా నుండో, విశాఖ నుండో ఓడ రావాలి. ఓడ వచ్చేవరకు ఉన్నదానినే బాగుచేసి నడపాలి. అన్నదమ్ములిద్దరూ రాత్రివేళ ఫోనులో మాట్లాడుకునేది ఎక్కువగా అతుకుల గురించేనట. చల్లగాలి కోరే ప్రతి చోటా దానిని కాటువేసే గాలి ఒకటి ఉంటుందని మాకు అప్పుడు తోచింది.

మూడు కాగితాలు, అడగని నాలుగవది

క్రిందికి దిగి టీ తాగుతూ, "లైసెన్సుదారుడైన ఏ.సి. కాంట్రాక్టరు అంటే మీ దగ్గర ఉన్న లైసెన్సు ఏది?" అని అడిగాము. ఆయన సంచిలోని ప్లాస్టిక్ కవరు తీశారు. మొదటిది రాష్ట్ర విద్యుత్ లైసెన్సింగు బోర్డు ఇచ్చిన ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు లైసెన్సు. తీగలు సరిగా కలపగలరని దాని అర్థం. రెండవది 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం క్రింద తీసుకున్నది. ఆ చట్టం ఇరవై మందిని, అంతకు మించి పనిలో పెట్టుకునే కాంట్రాక్టరు లైసెన్సు తీసుకోవాలని విధించింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన కొత్త కోడ్ ఆ సంఖ్యను 50కి పెంచింది. మూడవది కట్ట. అందులో భవిష్యనిధి, ఈ.ఎస్.ఐ., జి.ఎస్.టి. నమోదు పత్రాలున్నాయి.

"ఇవన్నీ కావలసినవే సార్. కరెంటు గురించి అడుగుతారు, మనుషుల లెక్క అడుగుతారు, పన్ను అడుగుతారు. కాని నా సిలిండరులో ఏమున్నది, దానిని ఎలా నింపుతాను అని మాత్రం టెండరు వేసిన ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ అడగలేదు" అన్నారాయన. అప్పుడు ఆయన ఆక్సిజన్ సంగతి చెప్పారు. మా ఇంటిలో క్లుప్తంగా చెప్పినదానినే ఇక్కడ పూర్తిగా వివరించారు.

ఐ.టి.ఐ. ముగిసిన కొత్తలో ఆయన వేరొక ఊరిలో ఒక చిన్న వర్క్‌షాపులో చేరారు. అక్కడి ఉస్తాద్ చేతి పనిలో ఘనుడు. చెవి ఆనించి విని కంప్రెసరు రోగం చెప్పేవాడట. ఒక వేసవి సాయంత్రం నైట్రోజన్ అయిపోయింది, గిరాకీ తొందరపెడుతోంది. గ్యాసు కటింగుకు వాడే ఆక్సిజన్ సిలిండరును ఉస్తాద్ తగిలించాడు. అంతకు ముందు చాలాసార్లు అలా చేసి ఉన్నాడు, ఏమీ కాలేదు. ఆ రోజు అయింది. కంప్రెసరులో నూనె ఉంటుంది. ఒత్తిడితో వచ్చిన స్వచ్ఛమైన ఆక్సిజన్‌కు నూనె తగిలితే నిప్పురవ్వ లేకుండానే అంటుకోగలదు. పెట్టె బాంబువలె పేలింది. "నేను నీళ్ళ బాటిల్ తేవడానికి వెళ్ళాను కనుక మీ ముందు కూర్చున్నాను. ఉస్తాద్ మూడవ రోజు పోయాడు. ఆయన పెద్ద కూతురికి అప్పుడు ఏడేళ్ళు" అని చెప్పి ఆయన చాలాసేపు మౌనంగా ఉన్నారు.

మేము కూడా మాట్లాడలేకపోయాము. ఆ సాయంత్రం మా ఇంటి వరండాలో తొందరపెట్టిన గిరాకీ మేమే కదా! ఆయన స్థానంలో కొంచెం మెత్తని మనిషి ఉంటే, మేము ఇస్తామన్న ఎక్కువ డబ్బుకు లొంగి ఉంటే, ఆ కుర్రవాడు ఏమై ఉండేవాడు? అతని వయస్సు పంతొమ్మిది.

మన ఊరిలో ఈ ప్రమాదం మరింత సులభం. ఇది ఉక్కు నగరం, ఆక్సిజన్ ప్రతి మలుపులోని వెల్డింగు షాపులోనూ దొరుకుతుంది. నైట్రోజన్ కోసం మాత్రం ప్రత్యేకంగా వెళ్ళాలి. పారిశ్రామిక ఆక్సిజన్ సిలిండరుకు నలుపు రంగు, నైట్రోజన్‌కు బూడిద రంగు ఒళ్ళు, నల్లని మెడ అని నియమం ఉన్నది. కాని మన ధూళిలో నాలుగు నెలలు నిలిచిన సిలిండర్లన్నీ ఒకే రంగులోకి వస్తాయి. అందుకే ఆయన తమ సిలిండర్లను ప్రతి సోమవారం కడిగిస్తారు. తడిగుడ్డతో తుడిచే ఆ పని చిన్నదే, అయినా దానిని ఆయన స్వయంగా చూస్తారు.

మారుతున్న వాయువులు

ఈ వృత్తిలో మరొక మార్పు వేగంగా వస్తోంది. ఏళ్ళ తరబడి మన ఏ.సి.లలో నడిచినది ఆర్-22 అనే గ్యాసు. అది ఆకాశంలోని ఓజోన్ పొరను పలుచన చేస్తుంది. భూతాపానికీ దోహదం చేస్తుంది. ఒక కిలో గాలిలో కలిస్తే, నూరేళ్ళ లెక్కలో దాదాపు 1,800 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానమని అంచనా. ఓజోన్ రక్షణకై 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందంలో మన దేశం 1992లో చేరింది. దాని ప్రకారం మన వంటి దేశాలు 2030 నాటికి ఈ జాతి గ్యాసుల వాడకాన్ని, పాత యంత్రాల మరమ్మతుకు మిగిల్చే స్వల్ప భాగం తప్ప, ముగించాలి. భూతాపం పెంచే తరువాతి తరం గ్యాసులను తగ్గించేందుకు 2016లో కిగాలీలో చేసిన సవరణను మన దేశం 2021లో ఆమోదించింది.

ఫలితంగా నేడు ఆర్-32, ఆర్-290 వంటివి వచ్చాయి. ఇవి ఓజోన్‌కు హాని చేయవు. కాని ఆర్-32 కొంతమేరకు అంటుకునే స్వభావం కలది. ఆర్-290 అంటే ప్రొపేన్, మన వంటగ్యాసు కుటుంబానికి చెందినది. పాత గ్యాసు లీకైతే డబ్బు పోయేది, కొత్త గ్యాసు మూసిన గదిలో లీకైతే ప్రాణం పోవచ్చు. పాత యంత్రంలో కొత్త గ్యాసు నింపడం, గ్యాసు ఖాళీ చేయకుండా గొట్టానికి మంట పెట్టడం వంటి పాత అలవాట్లు ఇకపై ఎంతమాత్రం చెల్లవు. ఆర్-22 సైతం మంటను తాకితే విషవాయువులుగా విడిపోతుంది. అందుకనే 2019 మార్చిలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన జాతీయ శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక లక్ష మంది మెకానిక్కులకు శిక్షణ, ధ్రువపత్రం ఇవ్వాలనే లక్ష్యాన్ని పెట్టుకున్నది. మా కాంట్రాక్టరు అటువంటి శిక్షణకు తమ ముగ్గురు కుర్రవాళ్ళను వేసవి మధ్యలోనే, గిరాకీ వదులుకుని పంపారు. "సీజనులో పంపితే పిచ్చివాడన్నారు. సీజనులోనే కదా సార్ చచ్చిపోయేది" అన్నది ఆయన సమాధానం.

కనబడని ఖర్చు

ఆయన సంపాదన ఏడాది పొడుగునా సమంగా ఉండదు. మార్చి నుండి జూన్ వరకు నిద్ర ఉండదు, నవంబరు నుండి జనవరి వరకు పని ఉండదు. పని లేని నెలలలోనూ పనివారికి జీతం ఇవ్వాలి, లేకుంటే నేర్చిన చేతులు గల్ఫ్‌కు వెళ్ళిపోతాయి. వార్షిక నిర్వహణ టెండర్లలో తక్కువ ధర వేసినవారికే పని దక్కుతుంది. నైట్రోజన్‌తో పరీక్షించి, వాక్యూమ్ పంపుతో గొట్టాలలోని గాలినీ తేమనూ పూర్తిగా లాగివేసి, నామఫలకంపై ఉన్న బరువు ప్రకారం కాటాపై తూచి గ్యాసు నింపేవానికి ఒక యంత్రానికి సగం రోజు పడుతుంది. అరగంటలో నింపివెళ్ళేవానికి ఆ ఖర్చు లేదు. ఇద్దరి బిల్లులోనూ ఒకే మాట ఉంటుంది: 'గ్యాసు ఛార్జింగు'. కాగితం మీద తేడా తెలియదు. మరుసటి ఏప్రిల్‌లో తెలుస్తుంది.

ఆయన రెండు టెండర్లు అలా పోగొట్టుకున్నారు. అడిగితే ఎవరినీ నిందించలేదు. "ధర వేసేటప్పుడు నైట్రోజన్ లెక్క తీసేస్తే నాకే వచ్చేది. తీయలేకపోయాను" అని మాత్రం అన్నారు.

ఈ పత్రిక చదివేవారిలో టెండరు పత్రాలు తయారు చేసే మిత్రులున్నారు. వారికి మా విన్నపం ఒకటే. 'గ్యాసు ఛార్జింగు' అనే ఒక్క పంక్తికి బదులు నాలుగు పంక్తులు రాయండి. పాత గ్యాసును పట్టి నిలువచేయడం, పొడి నైట్రోజన్‌తో లీకు పరీక్ష, వాక్యూమ్, తూకంతో నింపడం. ఒక్కొక్కదానికి వేరు ధర అడగండి. అప్పుడు నిజాయితీగా పనిచేసేవాడు ఓడిపోనక్కరలేదు. మెకానిక్ శిక్షణ పొందాడనే ధ్రువపత్రాన్నీ ఆ జాబితాలో చేర్చండి. అడగని ఆ నాలుగవ కాగితం అదే.

ఇక గృహస్థులకు. గ్యాసు తగ్గిందన్న మాట వినగానే "కన్నం ఎక్కడ?" అని అడగండి. "ఏ వాయువుతో పరీక్షిస్తారు?" అని అడగండి. జవాబు నైట్రోజన్ కాకపోతే పని ఆపించండి. ఏ.సి.ని 24 డిగ్రీల వద్ద ఉంచండి. 2020 జనవరి నుండి కొత్త గది ఏ.సి.లను ఆ అంకెతోనే మొదలయ్యేటట్లు తయారు చేయాలని నియమం వచ్చింది. ఒక్కొక్క డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం విద్యుత్తు ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య సంస్థ చెబుతోంది. అన్నిటికంటె ముఖ్యం, తొందరపెట్టకండి. ఎండ భరించరానిదే, ఇంటిలో వృద్ధులున్నారు, పసిపిల్లలున్నారు. అయినా మన ఒక్క రాత్రి సుఖం కోసం మరొక ఇంటి బిడ్డను ప్రమాదంలోకి తోయకూడదు. ఈ మాట ఇతరులకు చెప్పే ముందు మాకు మేము చెప్పుకుంటున్నాము.

మా అమ్మగారు ఆ రాత్రి ఆయన పంపిన కూలరు ముందు పడుకున్నారు. ఉదయం ఆయన వచ్చినప్పుడు, "నీ కూలరు మా ఇంటి మిషను కంటె నయం నాయనా" అన్నారు. ఆయన నవ్వి, "తొలకరి వచ్చేదాకానే అమ్మా" అని గొట్టం దగ్గర కూర్చున్నారు. ఆ అతుకు మీద ఈ వేసవితో రెండేళ్ళు గడిచాయి. గేజి ముల్లు కదలలేదు.

వచ్చే సంచికలో మరొక వృత్తితో కలుసుకుందాము.